రక్తదోషమని చెప్పిన అబద్ధం

నంద్యాలలో నేను నర్సుగా చేరిన మూడో ఏడు, ఒళ్లమ్ముకుని బతికే ఒకామె సవాయి రోగంతో, అంటే సిఫిలిస్‌తో, వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. పదిరోజులు వరసగా పెన్సిలిన్ సూదులు వేశాను. నొప్పికి పళ్లు బిగించేదే గాని ఒక్కరోజూ మానలేదు. నయమై వెళ్లింది. ఆరు నెలలకు మళ్లీ అదే రోగంతో వచ్చి నిలబడింది.

నాకు కోపం వచ్చింది. "వచ్చేటోళ్లను తొడుగేసుకోమని చెప్పమంటి కదా?"

"చెప్తానే ఉండా తల్లీ. నవ్వుతాండారు. గట్టిగా అంటే పక్కింటికి పోతారు. నేనేం తినాల?"

రోగం ఎవరి నుంచి వచ్చిందో కూడా ఆమెకు తెలుసు. ఆళ్లగడ్డ శెనగల వ్యాపారి. "సూదులేపించుకోప్పా అంటే చెంప పగలగొట్టినాడు. ఆయప్పకు ఇంక వాకిలి తియ్యను. పెండ్లానికి రెండు కాన్పులు పోయినాయంట, మళ్లీ కడుపంట. మీదీ ఆ ఊరే కదా, ఆయమ్మకన్నా సూదులెయ్యి" అంది.

ఆ వ్యాపారి భార్య మా పుట్టింటి వీధిలోనే ఉండేది. నన్ను అక్కా అని పిలిచేది. ఊరికి వెళ్లి, ఎలాగో ఒప్పించి, నంద్యాలలో రక్తపరీక్ష చేయించాను. అనుమానం నిజమైంది. అత్తగారు పక్కనే ఉంది. నిజం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "రక్తంలో దోషముంది. మొగుడూపెండ్లాలు ఇద్దరూ సూదులేపించుకోవాల" అన్నాను.

"మా వానికేం రోగం?" అంది అత్తగారు. అతను రాలేదు.

ఆమె ఒక్కతే వేయించుకుంది. మొగుడి నుంచి మళ్లీ అంటకుండా, కాన్పు అయ్యేదాకా కోయిలకుంట్లలో తన పుట్టింట్లోనే ఉండమని మా ఆసుపత్రి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మగబిడ్డ పుట్టాడు, బతికాడు.

ఆ మాట చెబుదామని, సూదులెయ్యమని నన్ను అడిగిన నంద్యాల ఆమె ఇంటికి వెళితే తాళం వేసి ఉంది. వాకిలి తియ్యలేదన్న కసితో ఆ వ్యాపారి, దానికి రోగముందని బజారంతా చెప్పాడట. గుంతకల్లు వైపు వెళ్లిపోయిందన్నారు. మళ్లీ నాకు కనబడలేదు.

బిడ్డను చూడడానికి కోయిలకుంట్ల వెళ్లాను. అప్పటికే ఆళ్లగడ్డలో అత్తగారు, కోడలి చెడ్డ రక్తమే ఇద్దరు బిడ్డల్ని మింగిందని అందరికీ చెబుతోంది. నేను పెట్టిన పేరే అది. ఇక దాచలేక నిజమంతా చెప్పేశాను.

ఆమె బిడ్డను నా చేతుల్లోంచి తీసుకుంది. తర్వాత, "అప్పుడే చెప్పింటే ఇన్ని మాటలు పడేదాన్నా అక్కా?" అంది.

మొగుడు తీసుకుపోవడానికి వస్తే, "సూదులేపించుకుంటేనే వస్తా. లేకుంటే ఈడే ఉంటా" అందట. పంచాయితీలు జరిగాయి. ఆమె కదల్లేదు. రెండు నెలలకు అతను ఆసుపత్రికి వచ్చాడు. పదిరోజులూ నేనే సూది వేశాను. ఒక్కసారి కూడా తలెత్తి నన్ను చూడలేదు.

ఆమె మాత్రం ఆ తర్వాత నన్ను అక్కా అని పిలవలేదు.