బుధవారం గది

ధర్మవరంలో మా ఇంట్లో, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నప్పుడే మొదటిసారి ఆ గొంతు విన్నాను. నాకప్పుడు ముప్పై ఏళ్లు. "నీ చేతులు కుళ్లిపోతాండాయి, పట్టు ముట్టద్దు" అన్నాడెవడో కుడి చెవిలో. తిరిగి చూస్తే గోడ తప్ప ఎవరూ లేరు. ఆ గొంతు అణగాలని సారాయి తాగడం మొదలుపెట్టాను. తాగిన కాసేపు అణిగేది. మత్తు దిగాక ఇంకా కోపంగా వచ్చేది.

రెండేళ్లు ఎక్కడికి పోయినా ఒకటే మాట. మనసుకు మందిచ్చేవాళ్లు "ముందు తాగుడు మాని రా" అన్నారు. తాగుడు మాన్పిస్తామన్నవాళ్లు నా చెవి సంగతి విని "గాలి సోకింది, మా వల్ల కాదు" అన్నారు. చివరికి ఎనభైల మొదట్లో ఒకరోజు నా భార్య నన్ను అనంతపురం బస్సెక్కించింది. అక్కడి ఆసుపత్రికి బెంగళూరులో చదివిన డాక్టరు ఒకాయన కొత్తగా వచ్చాడు.

ఆయన అంతా విని, "కాడికి రెండెద్దులున్నప్పుడు ఒకదాన్నే అదిలిస్తే సాలు వంకర పోతుంది. నీకు రెండు జబ్బులున్నాయి, రెండింటికీ ఒక్కసారే వైద్యం చేద్దాం. మాత్రలిస్తాను. బుధవారం బుధవారం వచ్చి నీలాంటివాళ్లతో కూర్చో" అన్నాడు.

ఆసుపత్రి పాత సామాన్ల గదిలో చాపలు పరిచి ఉండేవి. ఆరుగురం. అందులో ఒక బస్సు కండక్టరు ఉండేవాడు. కొన్ని వారాలు నిద్ర లేకుండా పాటలు పాడేవాడు, తాగేవాడు, ఆ తర్వాత నెలల తరబడి మంచం దిగేవాడు కాదు. శింగనమల నుంచి ఒక కూలి మనిషి వచ్చేది, మాకంటే పెద్దది. కొంగు ముఖం మీదికి లాక్కుని మూల కూర్చునేది. ఆరు వారాలు నోరు విప్పలేదు. డాక్టరు ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఏడో వారం కండక్టరు నన్నడిగాడు. "నీ కథేందన్నా?"

"చెవిలో ఒగడు మాట్లాడతాడన్నా" అన్నాను. నవ్వుతారని తల దించుకున్నాను.

మూల నుంచి మాట వినిపించింది. "ఏమంటాడప్పా?"

అందరం అటు తిరిగాం. ఆమె కొంగు తీసింది. "నన్ను సచ్చిపోయిన నా బిడ్డ పిలుస్తాది. తాగితే ఆ పిలుపు ఆగుతాదనుకుంటి. తాగితే ఇంకా దగ్గరికొచ్చి పిలుస్తాండె" అంది.

నేను ఏడ్చాను. కండక్టరు ఏడ్చాడు. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, ఎండిన వేరుశనగ చేలు కూడా అందంగా కనిపించాయి.

నాలుగు నెలలు సారాయి ముట్టలేదు. గొంతు కూడా సన్నబడింది. బాగైపోయాను కదా, ఇంక మాత్రలెందుకు అనుకున్నాను. ఇంట్లో చెప్పకుండా మానేశాను. మూడు వారాలకు ఆ గొంతు తిరిగొచ్చి, మగ్గం మీదున్న చీర మైలపడిందని అరిచింది. కత్తెర తీసుకుని సగం నేసిన చీర పడుగు పోగులన్నీ కోసేశాను. తర్వాత తాగాను. ఆ బుధవారం ఏ ముఖం పెట్టుకుని పోను? పోలేదు.

గురువారం పొద్దున మా వాకిట్లో ఇద్దరూ నిలబడి ఉన్నారు, కండక్టరూ శింగనమల అక్కా. ఆమె అనంతపురం దాటి రావడం అదే మొదటిసారి.

"ఏమప్పా, రాకపోతివి?" అంది.

మగ్గం చూపించాను. ఆమె తెగిన పోగుల్ని చాలాసేపు చూసింది. తిట్టలేదు. "ఇవి అతుక్కుంటాయా?" అని నా భార్యనడిగింది.

"అతికితే అతుక్కుంటాయక్కా. వేలకు వేలుండాయి."

"కూచుందాం రామ్మే. పొద్దు శానా ఉండాది."

వేళ్లకు బూడిద అద్దుకుని ఒక్కో పోగునూ మెలిపెట్టి అతకడం నా భార్య ఆమెకు నేర్పింది. కండక్టరు నా చేతిలో మాత్ర పెట్టి, నేను మింగేదాకా కదల్లేదు. తర్వాత పాడుతూ కూర్చున్నాడు. రెండు రోజులు మా ఇంట్లోనే ఉన్నారు. ఆ చీర అమ్మకానికి పనికిరాలేదు, అతుకులు కనిపించాయి. కానీ చివరి అంచు దాకా నేశాను. నా భార్య దాన్ని పండక్కి కట్టుకుని వీధంతా తిరిగింది.

మూడేళ్లకు డాక్టరుకు బదిలీ అయింది. కొత్తగా వచ్చిన అధికారి గది చూసి, "మాట్లాడుకునేదానికి గదెందుకు? మందుల పెట్టెలు పెట్టుకోవాలి, ఖాళీ చేయండి" అన్నాడు. 

ఆరు వారాలు నోరు విప్పని ఆ మనిషే ముందుకొచ్చింది. "సార్, మందుల పెట్టెలు యాడైనా పెట్టుకోవచ్చు. మమ్మల్ని యాడ పెడతారు? ఈ గది లేకుంటే నేను ఎప్పుడో శింగనమల చెరువులో ఉందును. ఈ కండక్టరప్ప రైలు కింద ఉండును. ఒక బుధవారం మీరే వచ్చి కూచోండి. వినినాక పొమ్మంటే పోతాం."

ఆయన నిజంగానే వచ్చాడు. కుర్చీ కోసం చూశాడు. లేదు. "చాప మీద కూచోండి సార్, ఈడ అందరం ఒగటే" అని ఆమె పక్కకు జరిగింది. రెండు గంటలు కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు గది తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టి, "ఇంకో రెండు చాపలు పంపిస్తానమ్మా" అన్నాడు.

డాక్టరు లేని ఆ గదిని ఆ తర్వాత మేమే నడిపాం. నేను మళ్లీ తాగలేదు. గొంతు పూర్తిగా పోలేదు, కరువేళ వానలా ఎప్పుడో ఒకసారి వచ్చి పోతుంది. మాత్ర వేసుకుని నా పని నేను చేసుకుంటాను. తాళంచెవి మా చేతికొచ్చి రెండేళ్లు తిరిగేసరికి, బుధవారం వచ్చిందంటే గదిలో చోటు చాలక, ఆలస్యమైనవాళ్లు వరండాలో కూర్చోవలసి వచ్చేది.