గిటారు మీద డెబ్భై గేట్లు

ఆ ఆదివారం ఉదయం మా మేడ మీద గదిలో ఉన్నవాళ్ళు: నేను, మా అక్క, నాతో పాటు మెకానికల్ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్న నా స్నేహితుడు. ఉన్నవి: స్నేహితుడి గిటారు, తీగలు విప్పేసినది, దాని ముఖం మీద మా అక్క చేత్తో వేసిన బ్యారేజీ బొమ్మ, లీటరు క్లియర్ లాకర్ (మెరుపు కోసం రంగుల పైన కొట్టే వార్నిష్), దాన్ని పలచన చేసే థిన్నర్ రెండు లీటర్లు, ఒక దోమతెర, నాన్న పాత బనియన్లు, ఉతికినవి, వాక్యూమ్ క్లీనర్. లేనిది: అనుభవం.

వాక్యూమ్ క్లీనర్ గురించి చెప్పాలి. తొంభైల చివర్లో టై కట్టుకున్న కుర్రాడొకడు ఇంటికొచ్చి, మా పరుపులోంచి గుప్పెడు దుమ్ము తీసి కాగితం మీద పోసి చూపించి, నాన్నని సిగ్గుపడేలా చేసి, వాయిదాల మీద అంటగట్టిపోయాడు. దాని పెట్టెలో పదకొండు విడిభాగాలుండేవి. పదింటి వల్ల ఉపయోగమేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. పదకొండోది పెయింటు కొట్టే సీసా. అందులో లాకర్ పోసి, గొట్టాన్ని గాలి బయటికొచ్చే వైపు తగిలిస్తే, సీసా మూతి నుంచి సన్నటి తుంపర వస్తుంది. చీపురు ఉన్న ఇంట్లో ఆ యంత్రం చేసిన మొదటి పని ఇదే.

అసలు ఈ గొడవంతా అక్క ఉద్యోగం కోసం. అక్క బీకాం పాసయింది, టైపు లోయరు పాసయింది, కుట్టుపని సగం నేర్చి మానేసింది. ఆమెకు నిజంగా వచ్చింది బొమ్మలు వేయడం. మా బెజవాడలోనే పటమట వైపు ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ కావాలన్నారు. ఇంటర్వ్యూకి వచ్చేటప్పుడు సొంతంగా వేసిన బొమ్మొకటి తెమ్మన్నారు. అక్క వేసినవన్నీ అప్పటికే చుట్టాల గృహప్రవేశాలకు బహుమతులుగా పోయాయి. ఇచ్చిన బొమ్మని వెనక్కి అడిగితే చుట్టరికం పోతుంది.

నాన్న అభిప్రాయం స్పష్టంగా ఉంది. "బొమ్మలకి జీతమేవిటే? ఇది రాకపోతే వచ్చే నెల నుంచి గవర్నర్‌పేటలో బ్యాంకు పరీక్షల కోచింగు. ఇంక మాట్లాడేది లేదు."

గిటారు సలహా నా స్నేహితుడిది. "అట్టల మీద బొమ్మలు అందరూ తెస్తారక్కా. గిటారు ఎవడు తెస్తాడు? నాది వాడుకో." వాడి త్యాగాన్ని మరీ ఎక్కువగా అంచనా వేయక్కర్లేదు. కొని రెండేళ్ళయినా వాడికి వచ్చిన పాట ఒక్కటే, అదీ సగమే. వాళ్ళ నాన్నగారికి పెయింట్ల షాపు ఉంది కాబట్టి సామాను బాధ్యత కూడా వాడే తీసుకున్నాడు. "మా అబ్బాకి తెలిస్తే మాత్రం గిటారుతో పాటు నాకూ రెండు కోట్లు పెయింటు వేస్తాడు" అన్నాడు.

మా ఊళ్ళో కృష్ణ మీదున్న బ్యారేజీ వేయమన్న సలహా నాది. అక్క చిలకలు వేస్తానంది. ఆ స్కూలు కరస్పాండెంట్ గారు ఇరిగేషన్‌లో ఇంజినీరుగా రిటైరయ్యారని నేను కనుక్కున్నాను. జీవితమంతా కాలవలూ తూములూ చూసిన మనిషికి చిలకలు చూపిస్తే ఏం లాభం?

"సరే, బ్యారేజీయే వేస్తా" అంది అక్క.

"డెబ్భై గేట్లూ ఉండాలి. ఆయన లెక్కపెడతాడు."

"బొమ్మలో గేట్లు ఎవరన్నా లెక్కపెడతారంట్రా?"

"నేనైతే పెడతాను."

"నీలాంటివాడు ఇంకొకడుంటాడా లోకంలో?"

"ఇంజినీర్లందరూ."

తీగలు కట్టే బ్రిడ్జి చెక్కకు కాస్త కింద గిటారు వెడల్పు మూడు వందల ఎనభై మిల్లీమీటర్లు. గేటుకు అయిదు చొప్పున డెబ్భై గేట్లకు మూడు వందల యాభై. రెండు పక్కలా పదిహేను మిగులుతాయి. ముఖమంతా తెల్ల ప్రైమరు పూసి, దాని మీద నేను పెన్సిలుతో గీతలు కొట్టిచ్చాను, అక్క బ్యారేజీ దగ్గరికి పోయి కూర్చుని చూసొచ్చి అక్రిలిక్ రంగులతో వేసింది. నిజంగా బాగా వేసింది. అన్ని గేట్లూ ఒకేలా వేస్తే అచ్చు గుద్దినట్టుంటుందని ఒక్కోదానికి ఒక్కో రంగు తేడా పెట్టింది. అవతలి ఒడ్డున సీతానగరం వైపు చివరి గేటుకి పాచి పట్టి నల్లబడినట్టు వేసింది. ఆ నల్ల గేటు సంగతి గుర్తుపెట్టుకోండి.

ఒకటే లోపం. అక్రిలిక్ ఆరాక సున్నం కొట్టిన గోడలా ఉంది. కృష్ణలో నీళ్ళున్నట్టు లేదు, వేసవిలో ఇసక మేటలున్నట్టుంది. పైన లాకర్ కొట్టి, నునుపుగా అరగదీసి, అద్దంలా మెరిపిస్తేనే నీళ్ళు నీళ్ళలా కనిపిస్తాయి. అందుకే ఈ ఆదివారం.

మెరుపుకి మొదటి శత్రువు దుమ్ము. తడిగా ఉన్న లాకర్ మీద ఒక్క నలుసు పడినా జీవితాంతం కనిపిస్తుంది. ఈ విషయం నేను ముందే ఆలోచించాను. గిటారుని కొక్కానికి వేలాడదీసి చుట్టూ దోమతెర దించాను. నేలంతా రెండు బకెట్ల నీళ్ళు కొట్టి కడిగించాను. మన ఊళ్ళో దుమ్ము లేవకూడదంటే ఎవరైనా చేసేది అదే కదా.

అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది. "తడి నేల మీద వడియాలే పెట్టం. అదెలా ఆరుతుందిరా?"

"ఇది వడియం కాదమ్మా, లాకర్."

మొదటి రెండు కోట్లు పలచగా కొట్టాం. ఒక్కసారే తడిపేస్తే థిన్నర్ కింది రంగుల్ని లేపేస్తుంది. బాగానే ఉంది. మూడోది నిండుగా కొట్టాం. చూస్తుండగానే కృష్ణానది మీద తెల్లగా పొర కట్టింది. అయిదు నిమిషాల్లో బ్యారేజీ మొత్తం పెరుగు పోసినట్టయింది.

వాక్యూమ్ క్లీనర్ ఆపేశాం. తర్వాత నా స్నేహితుడు, "మంచు పడిందిరా. బెజవాడలో మొదటిసారి" అన్నాడు.

అక్క తెర ఎత్తి చూసింది. "పోయిందా?"

పోలేదు. కారణం తట్టగానే నాకు సగం సంతోషం, సగం తల బాదుకోవాలనిపించింది. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ చెక్కని చల్లబరుస్తుంది. చల్లబడిన దాని మీద గదిలోని తేమ పట్టేస్తుంది, కూల్‌డ్రింకు సీసా మీద చెమట పట్టినట్టు. జూన్ నెల, ముందు రోజు సాయంత్రం వాన, ఆ పైన నేను స్వయంగా పోయించిన రెండు బకెట్లు. మందు కూడా ఉంది: నెమ్మదిగా ఆరే థిన్నర్. అది పలచగా కొడితే పై పొర మళ్ళీ కరిగి, లోపలి తేమ బయటికి పోతుంది. స్నేహితుడు సైకిలేసుకుని షాపుకి పోయి తెచ్చాడు. ఈలోగా నేనూ అక్కా నేలంతా పొడిగుడ్డలతో తుడిచి, మధ్యాహ్నపు ఎండని గదిలోకి రానిచ్చాం. రెండు గంటలకు కొట్టాం. పెరుగు విరిగి కృష్ణ బయటపడింది. అక్క ఊపిరి వదిలిన చప్పుడు వాక్యూమ్ క్లీనర్ హోరులో కూడా వినిపించింది.

చివరి కోటు అయ్యాక తెరలోపలే ఉండిపోయిన దోమ ఒకటి వచ్చి నది పైన ఆకాశంలో వాలింది. మళ్ళీ లేవలేదు. లాగితే గుంట పడుతుంది. రెక్కలు విప్పుకునే పోయింది కాబట్టి దూరంగా ఎగురుతున్న పిట్టలా ఉందని అక్క అంది. మిగిలిపోయిన లాకర్ దాని మీద ఇంకొంచెం వేశాం. మేము బయటి దోమల కోసం తెర కట్టాం. లోపలి దోమ సంగతి ఎవరూ ఆలోచించలేదు.

లెక్క ప్రకారం నెలరోజులు ఆరాలి. మాకున్నది వారం. పై ఆదివారం అరగదీయడం, సోమవారం ఇంటర్వ్యూ.

అరగదీయడమంటే ముందు వాటర్ పేపరు, అంటే ఒక రకం ఉప్పు కాగితం, నీళ్ళలో ముంచి రుద్దుతూ, గరుకు నుంచి నునుపుకి పోవడం. ఆ పని నేనే చేశాను. అన్నిటికంటే నునుపైన రెండు వేల నంబరు కాగితం దాకా వచ్చేసరికి గిటారు ఆవిరి పట్టిన అద్దంలా ఉంది. ఇక రబ్బింగ్ కాంపౌండ్ అనే పాలిష్ ముద్ద పట్టించి బనియన్ గుడ్డతో రుద్దితే ఆవిరి పోయి అద్దం మిగలాలి. దీనికి ఓపికున్న చెయ్యి కావాలి. మా ఇంట్లో స్టీలు గిన్నెల మీద ఇచ్చినవాళ్ళ పేర్లు చెక్కి ఉంటాయి. అమ్మ చేతిలో పదేళ్ళు పడితే ఏ పేరూ నిలవదు. ఏ గిన్నె ఎవరిచ్చారో ఇప్పుడు ఆవిడకొక్కదానికే తెలుసు. అలాంటి చెయ్యి ఇంట్లో ఉండగా బయట వెతకడం దేనికి?

"అంచుల దగ్గర మాత్రం మెల్లగా, అమ్మా. అక్కడ పొర పలచగా ఉంటుంది."

"అంచుల దగ్గరే కదరా మురికుండేది" అంది అమ్మ, కొంగు దోపుకుంటూ.

ఆ మాట నాకు వినపడింది. కానీ అప్పటికే గిటారు మధ్యలో మెరుపు మొదలైంది. గుడ్డ కదిలిన చోటల్లా నీళ్ళు పారుతున్నట్టు, గేట్ల కింద లోతు వచ్చినట్టు కనిపించింది. మేం ముగ్గురం నోళ్ళు తెరుచుకుని చూసి, ధైర్యంగా కింద టీ తాగడానికి పోయాం. అక్క మర్నాటి చీర ఇస్త్రీ చేసుకుంది.

తిరిగొచ్చేసరికి గిటారు వెలిగిపోతోంది. ట్యూబ్‌లైటు దానిలో నిటారుగా, ఒక్క వంకర లేకుండా కనిపిస్తోంది. అమ్మ చెమట తుడుచుకుంటూ, "ఆ చివర్న మసి మరక ఒకటుందే. ఎంతకీ పోలేదు. ఆఖరికి పోయింది" అంది.

అక్క వంగి చూసింది. సీతానగరం వైపు చివర నల్ల గేటు ఉన్నచోట తెల్ల ప్రైమరు, అయిదు మిల్లీమీటర్లు. అమ్మ దానికి కూడా పాలిష్ పట్టించింది. అది కూడా మెరుస్తోంది.

అక్క ఏమీ అనలేదు. మా ఇంట్లో అక్క మాట్లాడకపోతే బందరు రేవులో తుఫానుకి పదో నంబరు ప్రమాద జెండా ఎగరేసినట్టే. అమ్మకి విషయం అర్థమై ముఖం చిన్నదైపోయింది. "నాకేం తెలుసే, మంచి గేటయితే అంత నల్లగా ఎందుకు వేశావు?"

మళ్ళీ గేటు వేసి లాకర్ కొట్టి ఆరబెట్టడానికి టైము లేదు. "స్కెచ్ పెన్నుతో గీసేద్దామక్కా" అన్నాడు స్నేహితుడు. గీసి చూశాం. అంత నునుపు మీద సిరా నిలవలేదు, పూసలు కట్టి జారిపోయింది. మా పని అంత బాగా కుదిరింది.

నాన్న పైకొచ్చి గిటారులో తన ముఖం చూసుకున్నారు, మీసం సవరించుకున్నారు. "ఇది మన మెషీనుతో కొట్టిందేనా?" అన్నారు. కట్టిన వాయిదాలన్నీ ఆ క్షణాన ఆయన కళ్ళలో కనపడ్డాయి. కోచింగు మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఇంకా భయంగా ఉంది.

సోమవారం గిటారుని దుప్పట్లో చుట్టి, వెనక కూర్చున్న అక్క ఒళ్ళో పెట్టి, నేను స్కూటరు మీద తీసుకుపోయాను. బరువు మోసే నెపంతో ఇంటర్వ్యూ గదిలోకి కూడా పోయాను. కరస్పాండెంట్ గారు దుప్పటి తీయించి, కళ్ళజోడు మార్చుకుని, వంగి చూశారు. ముందు తన బట్టతల కనిపించినట్టుంది, చెయ్యి తలమీదికి పోయింది. ఆ తర్వాత పెన్సిలు తీసి, గిటారుకి తగలకుండా, గాల్లో ఒక్కో గేటునీ పొడుస్తూ పోయారు. పెదాలు కదులుతున్నాయి. నేను అక్క వైపు చూడలేదు.

"అరవై తొమ్మిదే ఉన్నాయేంటమ్మా?"

"ఒకటి రిపేర్లో ఉందండి" అంది అక్క.

ఆయన తలెత్తారు. "రిపేరు ఎవరు చేస్తున్నారు?"

"మా అమ్మండి. మరక అనుకుని తోమేసింది."

ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, కాసేపు అదే పనిగా తుడుచుకున్నారు. భుజాలు మాత్రం కదిలాయి. తర్వాత ఆకాశం వైపు పెన్సిలు చూపించి, "ఈ పిట్ట బాగా కుదిరింది. సన్నని బ్రష్షా?" అని అడిగారు.

"చాలా సన్నందండి" అంది అక్క.

"గురువారం నుంచి రండి. పిల్లల చేత మాత్రం డెబ్భై వేయించండి."

ఇంటికొచ్చి చెబితే అమ్మ, "చూశావా, నేను తోమబట్టే కదా ఆయన పలకరించింది" అంది. కాదనడానికి మా దగ్గర ఆధారం లేదు. నాన్న కోచింగు సెంటరు ముందు నుంచి బస్సులో పోతున్నప్పుడల్లా ఇప్పటికీ అటు చూస్తారు, కట్టకుండా మిగిలిన డబ్బు వైపు చూసినట్టు.

గిటారు నా స్నేహితుడి ఇంట్లో గోడకి ఉంది. వాడికి ఆ సగం పాట తప్ప ఇంకేమీ రాలేదు. మొన్న వెళ్ళినప్పుడు దించి, బనియన్ గుడ్డతో తుడిచి, కిటికీ దగ్గర పెట్టి చూశాను. మెరుపు తగ్గలేదు.

గేట్లు అరవై తొమ్మిది. దోమ ఒకటి.