మిక్సీ కమోడ్ బిగించిన జీవరాజు

చర్చిలో రెండో పాట అయిపోయింది. పాస్టరు గారు బైబిలు తెరిచి వాక్యం చదవబోతుండగా జీవరాజు చొక్కా జేబులో ఫోను వణికింది. ఆడవాళ్ళ వైపు కూర్చున్న అతని భార్య రూతు అది గమనించి, తీయొద్దన్నట్టు కళ్ళతోనే చెప్పింది. మూడోసారి వణికాక జీవరాజు మెల్లగా లేచి బయటికొచ్చాడు.

"జీవరాజు గారూ, కమోడ్ మెషిన్ మళ్ళీ ఆగిపోయిందండి," అన్నాడు హరిబాబు.

"ఏం వేశారండి అందులో?"

"ఏమీ వెయ్యలేదండి."

ఆ మాట వింటే చాలు, జీవరాజుకి ఒళ్ళు మండిపోతుంది. మొదటిసారి పిలిచినప్పుడూ ఏమీ వెయ్యలేదన్నారు. డబ్బా విప్పితే తడి టిష్యూల ముద్ద బయటపడింది. రెండోసారి తలవెంట్రుకలు బ్లేడుకి చుట్టుకుపోయి ఉన్నాయి. ఆ తర్వాత దూది. మూడు నెలల్లో ఇది ఏడోసారి.

కొవ్వూరులో జీవరాజు ఇరవై ఎనిమిదేళ్ళుగా ప్లంబింగ్ పనిలో ఉన్నాడు. పదో తరగతి తప్పాక రాజమండ్రిలో ఒక మేస్త్రీ దగ్గర చేరి, రోజూ బ్రిడ్జి మీదుగా సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి పని నేర్చుకున్నాడు. ఆ మేస్త్రీ అతనికి ముఖ్యంగా నేర్పింది వాటం. పైపు ఎంత పొడుగుంటే ఎంత వాలు ఇవ్వాలి, వంపు ఎక్కడ పెట్టొచ్చు, ఎక్కడ పెట్టకూడదు. వాటం సరిగ్గా కుదిరిన నాలుగంగుళాల పైపుకి కరెంటు అక్కర్లేదు, రిపేరు అక్కర్లేదు. జీవరాజు వేసిన పైపులు ఇరవయ్యేళ్ళ నుంచి అలాగే పనిచేస్తున్నాయి. ఇల్లు కట్టుకునేవాళ్ళు అతన్ని వెతుక్కుంటూ రావడానికి కారణం అదే.

హరిబాబు తండ్రి జగన్నాథరావు వరి పండించే రైతు. ఆ ఇంట్లో నీళ్ళ పని ఏదొచ్చినా జీవరాజునే పిలిచేవాడు. పోయిన వేసవిలో ఆయన భార్య మాణిక్యాంబకి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. మేడెక్కలేదు కాబట్టి పడక కింద వీధి గదిలోకి మార్చారు. కింద ఉన్న ఒక్క మరుగుదొడ్డీ పెరట్లో ఉంది. దానికి వెళ్ళాలంటే మూడు మెట్లు దిగాలి. అందుకని వీధి గదిలోనే ఒక మూల బాత్రూం కట్టాలనుకున్నారు.

జీవరాజు వచ్చి కొలతలు తీశాడు. సెప్టిక్ ట్యాంకు పెరట్లో, ఇంటికి ఆ చివర ఉంది. ఆ వీధిలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళూరుతాయి. అందువల్ల ట్యాంకు లోతుగా కట్టలేదు, పైపు వచ్చి కలిసే చోటు బాగా పైకి ఉంది. పైపు తిన్నగా వేస్తే వాటం సరిపోతుంది. ఇంటి చుట్టూ తిప్పితే చాలదు. తిన్నగా వెయ్యాలంటే మధ్యలో దేవుడి గది ఉంది.

"దేవుడి గది కింద నుంచి ఆ పైపా? ఏం మాట్లాడుతున్నావయ్యా," అన్నాడు జగన్నాథరావు.

జీవరాజు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. చర్చికి వెళ్ళే మనిషి దేవుడి గది గురించి వాదిస్తే అది వేరేలా వినిపిస్తుందని అతనికి తెలుసు.

అప్పుడే హరిబాబు ఫోనులో వీడియో చూపించాడు. తణుకులో ఉద్యోగం, రోజూ వెళ్ళొస్తుంటాడు. ఏ వస్తువు కావాలన్నా ముందు ఫోనులోనే చూస్తాడు. ఆ వీడియోలో కమోడ్ వెనక ఒక తెల్ల డబ్బా ఉంది. ఫ్లష్ నొక్కితే నీళ్ళూ మలమూ ఆ డబ్బాలోకి పోతాయి. నీటిమట్టం పెరగ్గానే మోటారు దానంతటదే తిరుగుతుంది. లోపలి బ్లేడ్లు అంతా జావలా చేస్తాయి. పంపు ఆ జావని బొటనవేలంత లావు పైపులోంచి పైకి తోస్తుంది. నేల తవ్వక్కర్లేదు. గోడ మీదుగా, వరండా కప్పు వెంట తీసుకెళ్ళి ట్యాంకులో కలపొచ్చు.

"అంటే మిక్సీయే కదండీ," అన్నాడు జీవరాజు.

"అలా అనకండి, అమ్మ వింటుంది," అన్నాడు హరిబాబు నవ్వుతూ.

"కరెంటు పోతే ఏం చేస్తారండి?"

"ఇన్వర్టర్ ఉంది కదండీ."

జీవరాజుకి మనసొప్పలేదు. అయినా కాదంటే వేరే ఎవరో వచ్చి ఇంకా అధ్వాన్నంగా బిగిస్తారని తనే బిగించాడు. కమోడ్‌లో ఏమేం వెయ్యకూడదో రెండుసార్లు చెప్పాడు. యాసిడ్ పొయ్యొద్దనీ, పోస్తే లోపలి రబ్బరు పాడవుతుందనీ మరీ మరీ చెప్పాడు. అందరూ తలూపారు.

మొదటి వానలకే సంగతి తెలిసొచ్చింది. పొద్దుటి పూట కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద అప్పటికే ఫ్యాన్లూ, టీవీ, ఫ్రిజ్జూ ఉన్నాయి. మోటారు మొదలవగానే ఇన్వర్టర్ కూడా ఆగిపోయింది. కమోడ్‌లో నీళ్ళు అలాగే నిలబడిపోయాయి. దానికీ జీవరాజుకే ఫోను.

"కరెంటాఫీసుకి చెయ్యండి, నాకెందుకండీ," అన్నాడు ఆ రోజు విసుగ్గా. అన్నాక మళ్ళీ తనే వెళ్ళాడు.

ఈ ఆదివారం చర్చి బట్టలు మార్చుకునే తీరిక కూడా లేక తిన్నగా అక్కడికే వెళ్ళాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చేతులకి తొడుగులు వేసుకుని, డబ్బాలో ఉన్నదంతా మగ్గుతో బకెట్లోకి తోడాడు. మామూలు పైపు మూసుకుపోతే కర్రో కడ్డీయో పెట్టి పొడవొచ్చు. దీన్నైతే నిండుగా ఉండగానే విప్పాలి. పది నిమిషాలు ఊపిరి బిగబట్టి పనిచేశాక, లోపల ఏమీ ఇరుక్కోలేదని తేలింది. రబ్బరు ఉబ్బిపోయి మెత్తగా అయిపోయింది.

"యాసిడ్ ఎవరు పోశారండి?"

హరిబాబు తండ్రి వైపు చూశాడు.

"వాసనొస్తోందని కొంచెం పోశానయ్యా," అన్నాడు జగన్నాథరావు. "కొంచెమే."

జీవరాజు తొడుగులు తీసి బకెట్ పక్కన పడేశాడు. వాళ్ళిద్దరూ కొత్త రబ్బరు ఎక్కడ దొరుకుతుందో ఫోనులో చూడ్డానికి వరండాలోకి వెళ్ళారు. మంచం మీద నుంచి మాణిక్యాంబ పిలిచింది.

"జీవరాజూ, ఒక మాట చెప్తాను. నవ్వకు."

"చెప్పండమ్మా."

"అది తిరిగినప్పుడల్లా వీధిలో వాళ్ళకి కూడా వినిపిస్తోంది. నేను వెళ్ళొచ్చానని ఇంటిల్లిపాదికీ తెలుస్తోంది. చుట్టాలు కూర్చుని ఉంటే మరీ సిగ్గుగా ఉంటోంది. అందుకని నీళ్ళు తాగడం తగ్గించేశాను. మొన్న జ్వరమొస్తే డాక్టరు గారు యూరిన్ ఇన్‌ఫెక్షన్ అన్నారు. ఎందుకొచ్చిందో వీళ్ళకి చెప్పలేదు."

ఈ మూడు నెలలూ తనొక్కడే విసిగిపోతున్నానని జీవరాజు అనుకున్నాడు. ఆవిడ నోరెండబెట్టుకుని పడుకుంటోందని అనుకోలేదు.

వరండాలోకి వెళ్ళాడు. "ఈ మెషినుకి నేనింక చెయ్యి పెట్టనండి," అన్నాడు.

జగన్నాథరావుకి కోపమొచ్చింది. "అదేంటయ్యా, నువ్వేగా బిగించావు."

"నేనే బిగించానండి. తప్పయిపోయింది. నేల తవ్వనిస్తారా, నాలుగు రోజుల్లో పైపు వేస్తాను. ఒద్దంటే ఇంకొకళ్ళని పిలుచుకోండి. ఎందుకో అమ్మగారిని అడగండి."

అతని గొంతు పెరిగింది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో అతను గట్టిగా మాట్లాడడం అదే మొదలు. జగన్నాథరావు లేచి నిలబడ్డాడు. ఇంతలో వాకర్ చప్పుడు వినిపించింది. మాణిక్యాంబ ఒక్కో అడుగూ వేసుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. జీవరాజుకి చెప్పిందే భర్తకీ కొడుక్కీ చెప్పింది. ఈసారి తల దించుకోలేదు.

"దేవుడి గది మాటేంటి మరి?" అన్నాడు జగన్నాథరావు నెమ్మదిగా.

"దేవుణ్ణి హాల్లోకి జరుపుదాం. జరగలేనిదాన్ని నేనే."

జగన్నాథరావు పురోహితుడికి ఫోను చేసి మంచిరోజు అడిగాడు. గురువారం బాగుందన్నారు. ఆ ఉదయం పటాలూ, విగ్రహాలూ, దీపం కుందులూ హాల్లో తూర్పు గోడకున్న అలమరలోకి మారాయి. ఖాళీ అయిన గదిని బియ్యం బస్తాలకి వాడుకోవాలని నిర్ణయించుకున్నారు.

జీవరాజు పలుగు పట్టుకుని గడప దగ్గర ఆగాడు. ఇన్నేళ్ళలో ఆ గదిలోకి ఎప్పుడూ వెళ్ళలేదు.

"లోపలికి రావయ్యా, అక్కడే నిలబడితే పనెలా అవుతుంది," అన్నాడు జగన్నాథరావు. తనే పక్కకి జరిగి దారిచ్చాడు.

నాలుగు రోజులన్న పని ఆరు రోజులు పట్టింది. గచ్చు పాతకాలందేమో, ఒక పట్టాన పగల్లేదు. లెవల్ ట్యూబులో నీళ్ళు పోసి మూడు చోట్ల వాటం చూసుకున్నాడు. ఆఖరి రోజు రెండు బకెట్ల నీళ్ళు కమోడ్‌లో పోసి పెరట్లోకి పరుగున వెళ్ళాడు. మూత తీసిన ట్యాంకులోకి నీళ్ళు ధారగా వచ్చి పడ్డాయి. ఇంట్లో చిన్న చప్పుడైనా లేదు.

ఒక్కసారి వాడి చూడండని జీవరాజు అంటే మాణిక్యాంబ అందర్నీ గదిలోంచి పొమ్మంది. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. వచ్చాక జీవరాజుని భోంచేసి వెళ్ళమంది.

అతను చేతులు కడుక్కుంటుంటే హరిబాబు వచ్చాడు. "ఆ మెషిన్ మంచిదేనండి, రబ్బరు మారిస్తే చాలు. మా ఆఫీసులో ఒకాయన అడుగుతున్నాడు. మీరు వచ్చి బిగిస్తారా?"

"ఆయన ఇల్లెక్కడండి?"

"తణుకులోనేనండి."

"తణుకులో ప్లంబర్లు లేరా ఏంటండి," అని జీవరాజు తువ్వాలు అందుకుని చేతులు తుడుచుకున్నాడు.