లోపలి వైపు తేదీ

అతన్ని అందరూ గాలిమీటరు అనే పిలిచేవాళ్ళు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టైరులో గాలి కొలిచే మీటరు ఉండేది. పెళ్ళికి వెళ్ళినా అది జేబులోనే. "పెళ్ళిచూపుల్లో నన్ను కూడా దాంతో ఓసారి కొలిచే ఉంటారు" అని భార్య చుట్టాలను నవ్వించేది.

పడవలు చేరవెయ్యడం అతని పని. నీళ్ళలోంచి పడవను ట్రైలర్ మీదికి లాగి, షెడ్డుకో ఇంకో రేవుకో తీసుకెళ్ళాలి. ట్రైలర్ అతని సొంతం. కొన్నప్పుడు అది తుప్పు ముద్ద. పద్నాలుగేళ్ళలో మెల్లగా దారికి తెచ్చాడు. ఉప్పునీళ్ళు తినేసిన కమ్ములు కోయించి, జింకు పూత ఉన్నవి వేయించాడు. పడవ అడుగు గీసుకుపోకుండా అది ఆనే దుంగలకు తివాచీ గుడ్డ చుట్టాడు. ఒక ఇరుసు ఉన్నచోట రెండు పెట్టించాడు. రేవు నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడిగి, ఆరాకే లోపలికి వెళ్ళేవాడు.

రేవు చేరగానే ట్రైలర్‌ను నీళ్ళలో దింపేవాడు కాదు. దూరం నడిచిన చక్రం నడిమధ్య, హబ్ దగ్గర, వేడిగా ఉంటుంది. ఆ వేడి మీద దింపితే నీళ్ళు లోపలికి పీల్చుకుంటుంది. గ్రీజు పాడవుతుంది, ఆ తర్వాత బేరింగు పోతుంది. అందుకని అరగంట ఆగి, హబ్ మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు.

"జ్వరం తగ్గిందా?" అని రేవులో వాళ్ళు అడిగేవాళ్ళు.

"ఇంకో టీ పడితే తగ్గుతుంది" అనేవాడు.

అతను తీసుకెళ్ళిన పడవ ఒక్కటీ దారిలో ఆగలేదు. అతను సంపాదించుకున్న పేరు అదొక్కటే.

పని నేర్పింది మాత్రం ఒక్కడికే, భార్య తమ్ముడికి. ఆరేళ్ళు పక్కన పెట్టుకుని చక్రం విప్పడం, బిగించడం, గ్రీజు వేళ్ళతో రుద్ది చూడడం అన్నీ నేర్పాడు. మొదటిరోజే చెప్పిన మాట ఒకటుంది.

"టైరుకు రెండు చెంపలు. తయారైన తేదీ పూర్తిగా ఉండేది ఒక చెంప మీదే. నాలుగంకెలు. ముందు రెండూ వారం, వెనక రెండూ సంవత్సరం. గాట్లు అరక్కపోయినా రబ్బరుకు వయసొస్తుంది. అందుకని ఆ చెంప ఎప్పుడూ బయటికే ఉండాలి. కొన్నవాడు వంగితే కనపడాలి. లోపలికి తిప్పామంటే దాచినట్టే."

బావమరిది ఇప్పుడు సొంతంగా టైర్ల షాపు నడుపుతున్నాడు. గోడ మీద ఎర్ర అక్షరాలతో రాయించుకున్నాడు: మా దగ్గర తేదీ బయటికే. షాపు తెరిచిన రోజు బావను ఆ గోడ ముందు నిలబెట్టి ఫోటో తీయించాడు. ఆ ఫోటో ఇంట్లో ఫ్రిజ్ పక్కన ఉంది.

ఈ ఏడు ఒక ముసలి వడ్రంగి మూడేళ్ళుగా తన షెడ్డులో కడుతున్న పడవ పూర్తయింది. టేకు పడవ, బరువైంది. కొండ దారిలో డెబ్బై మైళ్ళు దాటించి అవతలి రేవులో దింపాలి. వడ్రంగి ఇంకెవరినీ అడగలేదు. "ఇది జారితే నాకు ఇంకో మూడేళ్ళు లేవు. నువ్వే రావాలి" అన్నాడు.

గాలిమీటరు కాగితం మీద లెక్క వేశాడు. పడవ బరువు, ట్రైలర్ బరువు కలిపి నాలుగు చక్రాలకు పంచాడు. పైన ఇంకో అయిదో వంతు కలిపాడు. ఉన్నవి కారు టైర్లు. వాటి చెంపలు మెత్తన, మలుపులో బరువుకు పక్కకు ఒరుగుతాయి. ట్రైలర్లకని వేరే టైర్లుంటాయి. చెంపలు గట్టివి, ఎక్కువ బరువు మోస్తాయి, గాలీ ఎక్కువే పడుతుంది. కాగితం తీసుకుని బావమరిది దగ్గరికి వెళ్ళాడు.

"సరిగ్గా ఇలాంటివే ఉన్నాయి బావా. బండి ఇక్కడ వదిలి అన్నం తినేసి రా. నేనే బిగిస్తా."

తిరిగి వచ్చేసరికి నాలుగూ బిగించి ఉన్నాయి. కొత్త టైరు రబ్బరు మీద ఉండే సన్నటి వెంట్రుకలు కూడా ఊడలేదు. అతను మీటరు తీసి గాలి చూశాడు. సరిగ్గా ఉంది. తేదీ చూడలేదు. ఎవరు బిగించిన టైరైనా వంగి చూసే మనిషి, అది ఒక్కటీ చూడలేదు.

ప్రయాణానికి ముందురోజు ఉదయం చక్రాలు ఊగుతున్నాయేమో చూద్దామని ట్రైలర్‌ను జాకీ మీద లేపాడు. కింద గోనెపట్టా పరుచుకుని పడుకుని, చక్రం చేత్తో తిప్పాడు. బేరింగు చప్పుడు లేకుండా తిరిగింది. చక్రం ఆగిన చోట, కళ్ళ ముందు, లోపలి చెంప మీద నాలుగంకెలు కనిపించాయి.

ముప్పయ్యో వారం. సంవత్సరం ఏడేళ్ళ కిందటిది.

వేలితో రుద్దాడు, మట్టి అడ్డమేమోనని. అంకెలు మారలేదు. అంచు దగ్గర వెంట్రుక వాసి పగుళ్ళు వేలికి తగిలాయి. ఒకటి పొరపాటు కావచ్చు అనుకున్నాడు. పాక్కుంటూ రెండోదాని దగ్గరికి వెళ్ళాడు. తర్వాత మూడోది. నాలుగోదాని దగ్గరికి వెళ్ళేముందు కాసేపు అలాగే పడుకున్నాడు.

నాలుగూ లోపలికే ఉన్నాయి.

ఖాళీ ట్రైలర్‌ను నెమ్మదిగా షాపుకు లాక్కెళ్ళాడు.

"రా బావా, టీ చెప్పనా?"

"తేదీ ఏ వైపు ఉంది?"

బావమరిది చేతిలో ఉన్న రెంచిని గుడ్డతో తుడిచాడు. "హడావిడిలో తిరగబడ్డాయేమో."

"నాలుగూనా?"

తుడిచిన రెంచినే మళ్ళీ తుడిచాడు. "గోడౌన్లో పడున్నవే బావా. రోడ్డు మొహం చూడలేదు. బంగారంలా ఉన్నాయి."

"మరి బయటికే బిగించాల్సింది."

"బయటికి బిగిస్తే నువ్వు తీసుకుంటావా?"

న్యాయమైన ప్రశ్న అడిగినట్టే అడిగాడు. "నేను కొన్నప్పటికే మూడేళ్ళవి, నాలుగేళ్ళుగా మూలన పడున్నాయి. బయటివాళ్ళకు ఇద్దామంటే వంగి చూస్తారు. నేను బిగించింది నువ్వు చూడవుగా."

అందులో ఎగతాళి లేదు. ఉన్నా బాగుండేది.

"కొండ దారని తెలుసా నీకు?"

"తెలుసు. నీ చెయ్యి సంగతి కూడా తెలుసు. మెల్లగా వెళ్తావులే అనుకున్నా. అక్కకి కూడా చెప్పాను."

గాలిమీటరు గోడ మీది ఎర్ర అక్షరాల వైపు చూశాడు. "తిప్పి బిగించు. తేదీ బయటికి."

"ఎలాగూ వీటితో వెళ్ళవుగా, ఎందుకు బావా?"

"బిగించు."

గంట పట్టింది. అంతసేపూ పక్కనే నిలబడ్డాడు. పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. బోల్టు తర్వాత ఎదురు బోల్టు, తను నేర్పినట్టే బిగించాడు. నాలుగోది అయ్యాక బావమరిది లేవకుండానే అన్నాడు. "కొత్తవి తెప్పిస్తా. ఈ రకం ఇక్కడ ఇంకెక్కడా దొరకవు, వారం పడుతుంది."

ఇంట్లో భార్య ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"చెప్పాడటగా నీకు."

ఆమె చేతులు ఆగాయి. "పాత సరుకని చెప్పాడు. చూడ్డానికి కొత్తవే అన్నాడు. వాడికి అవి ఎలా వదిలించుకోవాలో తెలియడం లేదు పాపం."

"నాకో మాట చెప్పాల్సింది."

"చెబితే మీరు ఒప్పుకుంటారా?"

ఇద్దరిదీ ఒకటే మాట. అతను చొక్కా విప్పి, మీటరు తీసి బల్ల మీద పెట్టాడు. అది ఎప్పుడూ అక్కడ పెట్టే వస్తువు కాదు. ఆమె దాని వైపు చూసి మళ్ళీ మడతల్లో పడింది.

వడ్రంగికి ఫోన్ చేశాడు. "మేస్త్రి గారూ, రేపు రాలేను. టైర్లు పాతవి. వారం ఆగితే కొత్తవి వస్తాయి."

అవతల నవ్వు వినిపించింది. "గాలిమీటరుకే పాత టైర్లు అంటగట్టారా! ఎవడా మొనగాడు?"

"నేను చూసుకోలేదు."

నవ్వు ఆగింది. "వారానికి రేవులో నీళ్ళు తగ్గిపోతాయి. పడవ దిగదు. నీకు తెలియనిదా?"

"తెలుసు."

"అయితే ఇంకొకణ్ణి చూసుకుంటా. ఏమనుకోకు."

మర్నాడు పొద్దున ఆ పడవ వేరేవాళ్ళ ట్రైలర్ మీద అతని గేటు ముందు నుంచే వెళ్ళింది. నూనె పట్టిన టేకు ఎండలో మెరిసింది. ఎడమ వెనక టైరులో గాలి తక్కువగా ఉంది. గేటు దగ్గర నిలబడే గుర్తుపట్టాడు. చెయ్యెత్తి అరిచాడు. బండి శబ్దంలో వాళ్ళకు వినపడలేదు. వడ్రంగి ముందు సీట్లోంచి ఇటు తిరగలేదు.

సాయంత్రానికి పడవ క్షేమంగా నీళ్ళలో దిగిందని కబురొచ్చింది.

వారానికి బావమరిది కొత్త టైర్లు బండిలో వేసుకుని ఇంటికే వచ్చాడు. అక్క ఇచ్చిన మంచినీళ్ళు తాగి, అక్కడే వాకిట్లో బిగించాడు. నాలుగింటి మీదా తేదీ బయటికే ఉంది, నెల కిందటిది.

"విన్నావా బావా? వాళ్ళ టైర్లు మనవాటికన్నా పాతవట. ఏమైంది? ఏమీ కాలేదుగా" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "చూసుకో, ఈసారి అంకెలు నీ మొహానికే ఉన్నాయి."

గాలిమీటరు వంగి అంకెలు చదివాడు. లోపలికి వెళ్ళి గోనెపట్టా తెచ్చాడు. ట్రైలర్ కింద పరిచి వెల్లకిలా పడుకుని, మొదటి చక్రం లోపలి చెంప చూడడం మొదలుపెట్టాడు.

గుమ్మంలో భార్య నిలబడింది.

"అటువైపు ఏమీ ఉండదు బావా" అన్నాడు బావమరిది.

"తెలుసు" అన్నాడతను కింద నుంచి. గోనెపట్టా లాక్కుని రెండో చక్రం దగ్గరికి జరిగాడు.