పత్తిచేలో పండిన దోసకాయ

నా చిన్నప్పుడు మా వైపు పత్తి విత్తేటప్పుడు సాళ్ల మధ్య అక్కడక్కడా నాలుగు దోసగింజలు కూడా వేసేవాళ్లు. ఇంట్లో కూరకి వెతుక్కునే పని ఉండేది కాదు. కాయ తరగబోయే ముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని, చేదు లేదంటేనే పప్పులోకో పచ్చట్లోకో వాడేవాళ్లు.

పచ్చపురుగు విరగబడిన ఏడాది అది. మా నాన్న నాలుగు రోజులకోసారి పత్తికి మందు కొడుతూనే ఉన్నాడు. దోసపాదుల జోలికి పోవద్దని నాయనమ్మ గట్టిగా చెప్పింది. నాకు పదేళ్లు. బడి లేదు, పొద్దస్తమానం చేలోనే. ఆ మాట చెవిన పెట్టలేదు.

పక్కింటి అక్కకి అప్పుడు ఐదో నెల. ఏది తిన్నా ఇమిడేది కాదు. రోజూ నాకు జడ వేసే మనిషి. "దోసకాయ పచ్చడి తినాలనుందే" అంది ఒక పొద్దున. పరిగెత్తుకెళ్లి, పచ్చగా పండిన కాయ ఒకటి కోసి, పరికిణీకి తుడిచి తెచ్చిచ్చాను. ఏ చేలోదని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. అక్క ముక్క కొరికి చూసింది. "చేదు లేదే బంగారం!" అని నా బుగ్గ గిల్లింది. ఆ పూట కడుపునిండా అన్నం తింది.

మధ్యాహ్నానికి వాంతులు మొదలయ్యాయి. కళ్లు తేలేసింది. ఆటోలో సత్తెనపల్లి ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ కాయ నేనే ఇచ్చానని నాయనమ్మకి చెప్పాను. కొట్టలేదు. గడప మీద కూలబడి, "చేదైతే నాలుకకి తెలుస్తుందే తల్లీ. మందు ఎట్లా తెలుస్తుంది?" అంది.

నాలుగో రోజు అక్క తిరిగొచ్చింది. కడుపు నిలవలేదు. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని, "నువ్వే చెప్పాలి, పద" అని తీసుకెళ్లింది. మేం గుమ్మంలోకి వెళ్లేసరికి అక్క అత్తగారు అరుస్తోంది.

"ఎవత్తె ఇచ్చిందే నీకా కాయ? పేరు చెప్పు, దాని అంతు చూస్తా!"

నేను నోరు తెరవబోయాను. మంచం మీద నుంచి అక్క నన్ను చూసింది. చూపు తిప్పుకుంది.

"ఎవరూ ఇవ్వలేదత్తయ్యా. నేనే కోసి తెచ్చుకున్నా."

"నీ జిహ్వ తగలెయ్య! బిడ్డని మింగావు గదే!"

నాయనమ్మ నన్ను గుమ్మంలోంచే వెనక్కి తీసుకొచ్చేసింది. ఆ తిట్లు అక్క ఏళ్ల తరబడి పడింది.

తర్వాత నేను ఆ ఇంటివైపు పోకుండా దాక్కుంటే అక్కే పిలిచి జడ వేసింది. "నీకేం తెలుసే, చిన్నదానివి" అంది. అంతకు మించి ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే నాలుగు రోజులు ఏడ్చి మరిచిపోయేదాన్నేమో.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఏం పాడుచేసినా, ఎవరు చేశారని అరవను. ఎవరికైనా దెబ్బ తగిలిందా అని ముందు చూస్తాను. అది అక్క దగ్గర నేర్చుకున్నదే. కానీ వాళ్లు తలవంచుకుని "నేనే చేశానమ్మా" అన్నప్పుడు మాత్రం వాళ్ల ముఖంలోకి చూడలేను. ఆ రోజు గుమ్మంలో ఆ ఒక్క మాట నేను అనలేదు.