డిన్నీ తాత మెస్కల్ బార్ గడప దాటిన రోజు

మా తాత డిన్నీ హానెగన్‌కి ఫుట్‌బాల్ పిచ్చి అరవై దాటాక పట్టింది. ఆ వయసులో కొందరికి కీళ్ళనొప్పులు పట్టుకుంటాయి, కొందరికి దైవభక్తి పట్టుకుంటుంది. ఆయనకి ఆ రెండూ అప్పటికే ఉన్నాయి కాబట్టి దేవుడు మూడోది పంపించాడు.

మాది ఐర్లండులో, టిప్పరరీలో, బాలికరీన్ అనే ఊరు. హర్లింగ్ ఊరు. పొడుగు కర్రతో చిన్న తోలుబంతిని కొట్టే ఆ ఆట మావాళ్ళకి చర్చిలో ప్రార్థన తర్వాత అంతటిది. ఫైనల్ ఉన్న ఆదివారం మాత్రం ప్రార్థన కంటే కాస్త ముందుండేది. ఫుట్‌బాల్ అంటే ఇంగ్లీషు సిపాయిలు వదిలిపోయిన ఆట. తాత వయసులో ఉన్నప్పుడు హర్లింగ్ ఆడేవాడు ఫుట్‌బాల్ ఆడకూడదు సరికదా, కళ్ళతో చూడకూడదు కూడా. చూస్తే జట్టులోంచి వెలి. ఎవరు చూస్తున్నారో కనిపెట్టడానికి క్లబ్బువాళ్ళు నమ్మకస్తుల్ని ఎంచి మరీ ఫుట్‌బాల్ మైదానాలకి పంపేవారు. ఆ నమ్మకస్తుడు టోపీ కళ్ళమీదికి లాక్కుని గోడవార నిలబడాలి. మనవాడెవడైనా కనిపిస్తే వచ్చి పేరు చెప్పాలి. “మరి వాళ్ళని పట్టుకోవాలంటే నువ్వూ మ్యాచ్ అంతా చూడాలి కదా తాతా?” అని చిన్నప్పుడు అడిగాను. వెళ్ళి కోళ్ళగూడు కడగమన్నాడు.

నేను పుట్టేలోపే ఆ నియమం ఎత్తేశారు. తాతకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆయన చెప్పిన పేర్లలో ఒకటి కాన్ మెస్కల్‌ది. ఇద్దరూ బళ్ళో ఒకే బల్లమీద కూర్చుని, ఒకే సైకిలు మీద తిరిగి, ఒకే జట్టులో ఆడినవాళ్ళు. కాన్ మా గోలీ, గోలు కాసేవాడు. కౌంటీ ఫైనల్‌కి ముందు అతను లిమరిక్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తూ తాత కంటబడ్డాడు. తాత వచ్చి చెప్పాడు. క్లబ్బు కాన్‌ని వెలేసింది. అతని చోట నిలబడ్డ కుర్రాడి చేతుల్లోంచి బంతి జారింది, ఒక్క గోలు తేడాతో ఫైనల్ పోయింది. కాన్ మళ్ళీ కర్ర పట్టలేదు, హర్లింగ్ మైదానం మొహం చూడలేదు. ఊరి నడిబొడ్డున వాళ్ళ నాన్న బార్ నడుపుకుంటూ ఉండిపోయాడు. తాత ఆ బార్ గడప తొక్కలేదు. మైలు దూరం నడిచి, ఊరి చివర షీహీ బార్‌కి పోయి తాగేవాడు. వానలో కూడా. మా ఊళ్ళో వాన లేని రోజు లేదు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

తొంభయ్యో సంవత్సరం వేసవిలో మా దేశం మొట్టమొదటిసారి ప్రపంచ కప్పుకి వెళ్ళింది. నాకప్పుడు పదిహేడు. నాకూ చదువుకీ పొసగక బడి మానేసి, ఊళ్ళోనే ఒకావిడ సెలూన్‌లో ఆడవాళ్ళ జుట్టు కత్తిరిస్తూ తాత దగ్గర ఉండేదాన్ని. మెస్కల్ బార్‌లో పెద్ద టీవీ అద్దెకి తెచ్చి బీరు పీపాల మీద ఎక్కించారు. ఆటంటే కర్రాట తప్ప తెలియని ఊరు మొత్తం ఆకుపచ్చ చొక్కాలు కొనుక్కుంది. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఎవరికీ తెలీదు. తెలీదని ఒప్పుకున్నవాడు కూడా లేడు.

మొదటి మ్యాచ్ ఇంగ్లండుతో. నేను గొంతు పోయేలా అరిచి ఇంటికొచ్చేసరికి తాత పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు.

“ఎంత?” అన్నాడు, నిప్పులు ఎగదోస్తూ.

“ఏది ఎంత?”

“అదే. మీ గుంపంతా పోయి చూసిందిగా. ఆ దిక్కుమాలింది.”

“ఒకటి, ఒకటి.”

“అంటే మనం ఓడలేదు.” ఇంకో కట్టె పొయ్యిలో పడేశాడు. “వాళ్ళతో ఓడలేదు,” అన్నాడు మళ్ళీ.

అక్కడ కుట్టింది ఆయన్ని ఫుట్‌బాల్ చీమ. ఈజిప్టు మ్యాచ్ రోజున నేను కళ్ళద్దాలు మర్చిపోయి వెనక్కొస్తే, పట్టపగలు ముందుగది తెరలన్నీ వేసి ఉన్నాయి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతున్నట్టు తాత టీవీ ముందు కూర్చుని ఉన్నాడు, శబ్దం కూడా తగ్గించుకుని. నన్ను చూసి, “వాతావరణ వార్తల కోసం పెట్టాను,” అన్నాడు. హాలండు మ్యాచ్ నాటికి ఆ ముసుగూ పోయింది. మనవాళ్ళు గోలు సమం చేసిన క్షణాన ఆనందం పట్టలేక టీవీ నెత్తిన ఒక్కటిచ్చాడు. టీవీ ఆ దెబ్బకి పోయింది. అదే క్షణంలో వీధి అవతల మెస్కల్ బార్‌లోంచి ఊరంతా కలిసి వేసిన కేక వచ్చింది. నేను తర్వాత ఇంటికొస్తే, చచ్చిన టీవీ ఎదురుగానే ఇంకా కూర్చుని ఉన్నాడు.

“ఒక్కడే అరిస్తే ఏం బాగుండదే ఎత్నా,” అన్నాడు. “అరిచాక పక్కకి తిరిగి ఎవరి మొహమైనా చూడాలి.”

తర్వాతది రొమేనియాతో. ఓడినవాళ్ళు ఇంటికి. సోమవారం మధ్యాహ్నం. షీహీ దగ్గర టీవీ లేకపోయినా రేడియో ఉంది కదా, అది వింటానని తాత బయల్దేరాడు. ఆయన మొహం చూసి, నేనూ వెంట నడిచాను. షీహీ తలుపుకి తాళం. తాళం పక్కన అట్టముక్క: “బంధువు అంత్యక్రియల వల్ల మూసివేయడమైనది.”

తాత అలవాటుగా టోపీ తీశాడు. తర్వాత అడిగాడు, “ఎవరు పోయారు?”

“ఎవరూ పోలేదు తాతా. పోతే ముందు నీకే తెలుస్తుంది.”

మళ్ళీ మైలు నడిచి ఊళ్ళోకి వచ్చాం. వీధిలో పురుగు లేదు. మెస్కల్ బార్ కిటికీలు జనం ఊపిరికి మసకబారి ఉన్నాయి. తాత నడివీధిలో ఆగిపోయాడు.

“ఇంటికి పోదాం పద.”

“ఇంట్లో ఏముంది? నువ్వు చంపిన టీవీ ఉంది.”

“నేను అక్కడికి రాలేనే.”

“ఏం, కాన్ తాత కరుస్తాడా?”

“కరిస్తే బాగుణ్ణు. కరవడు. ఏమీ అనడు. ఊరికే చూస్తాడు. అది నేను పడలేను.”

ఆయనకి మ్యాచ్ కావాలి, నిజమే. అంతకంటే ఎక్కువగా కావలసిన మనిషి ఆ బార్ బల్ల వెనక నిలబడి ఉన్నాడు. ఆ సంగతి నాకు ఆ నడివీధిలోనే అర్థమైంది. నేను చదువులో మందమే గాని మరీ అంత మందం కాదు. చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను.

తలుపు తియ్యగానే దగ్గరున్నవాళ్ళు మాట్లాడటం ఆపేశారు. వాళ్ళు ఆపారని వెనకున్నవాళ్ళు ఆపారు. గుంపు మధ్యలో, ఆకుపచ్చ టోపీతో, షీహీ.

“నీ చుట్టానికి ఎలా ఉంది?” అన్నాడు తాత.

“కాస్త కోలుకున్నాడు, డిన్నీ,” అన్నాడు షీహీ.

ఎవరూ నవ్వలేదు. అందరూ కాన్ వైపు చూస్తున్నారు. కాన్ పొడుగ్గా, సన్నగా, బల్ల వెనక నిలబడి గ్లాసు తుడుస్తున్నాడు. తుడిచిన గ్లాసే మళ్ళీ తుడిచాడు.

“ఈసారి ఎవరి పేరు మోసుకెళ్దామని వచ్చావు?” అన్నాడు.

తాత గదంతా చూశాడు. ఫాదరుతో సహా అందరూ ఉన్నారు. “ఇన్ని పేర్లు మొయ్యలేను, కాన్. నడుము పోయింది.”

కాన్ నల్లబీరు పోసి, నురగ దిగేదాకా ఆగి, తాత ముందు పెట్టాడు. ఖాళీగా ఉన్నది బల్లని ఆనుకుని ఉన్న ఒక్క స్టూలే. దానిమీద కూర్చుంటే టీవీ వెనకవైపుంటుంది, మెడ తిప్పి చూడాలి. తాత దానిమీదే కూర్చుని మెడ తిప్పుకున్నాడు.

మ్యాచ్ చప్పగా సాగింది. ఏదో ఒక సమయంలో మనవాడొకడు దూరం నుంచి బలంగా తన్నాడు. బంతి గోలు అడ్డకర్ర మీదుగా ఎగిరి జనంలో పడింది. బార్ అంతా “అయ్యో” అని తల పట్టుకుంది. ఆ “అయ్యో” మధ్యలో మా తాత ఒక్కడే లేచి, టోపీ పైకి విసిరి, “పాయింటు! శభాష్ రా అబ్బాయ్! పాయింటు!” అని అరిచాడు.

హర్లింగ్‌లో అంతే. బంతి అడ్డకర్ర కింద పోతే గోలు, పైనుంచి పోతే ఒక పాయింటు. పాయింటు వచ్చిందంటే గుంజ పక్కన నిలబడ్డ పెద్దమనిషి తెల్లజెండా ఊపుతాడు. చిన్నప్పటి నుంచి పడ్డ అలవాటు కాళ్ళలో ఉంటుంది, తలని అడిగి లేవదు. తాత నిలబడే ఉన్నాడు, చెవులు బీట్‌రూట్ దుంపల్లా ఎర్రబడ్డాయి.

అప్పుడు కాన్ భుజం మీది తెల్లగుడ్డ తీశాడు. బల్ల చివరికి నడిచి వచ్చాడు. మడమలు కలిపి, గడ్డం పైకెత్తి, అచ్చం ఆ పెద్దమనిషి లాగా ఆ గుడ్డని తలమీద గంభీరంగా ఊపాడు.

ఆ నవ్వుకి కిటికీలు అదిరాయి. ఫాదరుకి పొలమారింది. తాత కూర్చుంటూ కాన్ మొహం వైపు దొంగచూపు చూశాడు. కాన్ నవ్వలేదు గాని, మూతి ఒక పక్కకి వంకరపోయింది.

ఒక్క గోలూ లేకుండానే ఆట అయిపోయింది. అదనపు సమయమూ అయిపోయింది. పాలు పితికే వేళ దాటిపోయి, ఊరి చుట్టూ గేట్ల దగ్గర ఆవులు అరుస్తున్నాయి. ఒక్క రైతూ కదల్లేదు. ఇక ఒక్కొక్కడే వచ్చి గోలీని ఎదురుగా పెట్టుకుని బంతి తన్నాలి, చెరి అయిదు.

తాత టీవీకి వీపు తిప్పేశాడు. “నా వల్ల కాదు.”

అలా తిరిగేసరికి ఆయన ఎదురుగా కాన్ ఉన్నాడు. కాన్ ఎదురుగా, తాత తల మీదుగా, టీవీ ఉంది.

“వాళ్ళు వేశారు,” అన్నాడు కాన్, గాలితో అన్నట్టు.

“మనవాడు?”

“వేశాడు. తిరిగి చూడొచ్చుగా, పిరికి సన్నాసీ.”

“నువ్వు చూడు. నువ్వు చెబితే చాలు.”

“వాళ్ళు రెండు. మనం రెండు.”

తాత గ్లాసుతో అన్నాడు, “లిమరిక్‌లో నువ్వు గోలు వెనకాల నిలబడ్డావు.”

“ఇప్పుడా ఆ మాట?”

“నువ్వు ఆట చూడలేదు. అంతసేపూ ఆ గోలీ కాళ్ళే చూశావు. వాడు అడుగెలా వేస్తున్నాడో చూసుకుంటున్నావు. మన ఫైనల్ కోసం.”

కాన్ కళ్ళు తెర మీంచి దిగలేదు. “వాళ్ళు మూడు.”

“అది నాకు అక్కడే తెలిసింది, కాన్. తెలిసీ చెప్పలేదు. నీ పేరొక్కటే చెప్పాను.”

“మనం మూడు.” కాన్ రెండు చేతులూ బల్లమీద ఆనించాడు. “ఎందుకు చెప్పలేదు?”

“నమ్మకస్తుడన్నారు నన్ను. ఆ మాట తియ్యగా ఉండింది.”

బయట ఆవులు అరుస్తున్నాయి. నేను ఊపిరి బిగబట్టాను. మ్యాచ్ కోసమో దీని కోసమో ఇప్పటికీ చెప్పలేను.

“వాళ్ళు నాలుగు,” అన్నాడు కాన్. “మనం నాలుగు.”

అయిదోది వాళ్ళది. కాన్ ఇంక మాట్లాడలేదు. చేతులు బల్ల మీంచి లేచాయి. వేళ్ళు విచ్చుకున్నాయి. మోకాళ్ళు కొద్దిగా వంగాయి. తాత ఆ చేతుల్నే చూస్తున్నాడు. అవి గబుక్కున కుడివైపుకి పోయాయి.

“ఆపాడు,” అన్నాడు తాత, తల తిప్పకుండానే.

ఆ తర్వాత వచ్చింది కేక.

“తిరగరా,” అన్నాడు కాన్. “ఈ ఒక్కటీ నేను చెప్పను. నువ్వే చూడాలి.”

తాత తిరిగాడు. మనవాడు వచ్చాడు, తన్నాడు, వల ఊగింది. ఆ తర్వాత నాకు కనిపించింది చేతులూ బీరూ మాత్రమే. షీహీ ఫాదరుని ముద్దు పెట్టుకున్నాడు. కాన్ బల్ల మీంచి వంగి రెండు చేతులతో తాత మెడ పట్టుకున్నాడు. చంపేస్తున్నాడేమోనని విడిపించబోయాను. దగ్గరికెళ్తే ఇద్దరూ ఏడుస్తున్నారు. వదిలేశాను.

అలాంటి బార్ ఇప్పుడు లేదు. అంటే ఉంది, టీవీ పళ్ళెమంత పలచగా గోడకి అంటుకుని ఉంటుంది, ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటూ మ్యాచ్ చూస్తారు. నేనూ అంతే. గోలు పడినప్పుడు పక్కకి తిరుగుతాను, ఏదో ఒక మొహం ఉంటుంది. ఆ రోజు గదిలో ఉన్న మొహాలన్నీ నాకు పేరు పేరునా తెలుసు.

శనివారం ఇటలీ చేతిలో ఓడాం. తాతా కాన్ తాతా పక్కపక్క స్టూళ్ళ మీద కూర్చుని ఓడారు. అందరూ పాటలు పాడుతుంటే తాత లేస్తూ అన్నాడు, “రేపు మన పిల్లల హర్లింగ్ ఉంది. మూడింటికి.”

కాన్ ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ బల్ల వెనక్కి పోయాడు.

ఆదివారం అతను వచ్చాడు. చర్చికి వేసుకునే కోటుతో వచ్చి మైదానం గేటు దగ్గర ఆగాడు. తాత వెళ్ళి పక్కన నిలబడ్డాడు, లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. చినుకులు మొదలయ్యాయి. అప్పుడు ఇద్దరూ నడిచి మా గోలు వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. జనం చూడనట్టు నటించారు, మా ఊళ్ళో అంతకు మించిన మర్యాద లేదు.

మా గోలీ పదహారేళ్ళవాడు. వాడి కాళ్ళ మధ్యనుంచి ఒక బంతి పోయింది. కాన్ కోటు జేబుల్లో పిడికిళ్ళు బిగించాడు. రెండోది పోయింది. ఇక ఆగలేకపోయాడు.

“ఒరే పిల్లాడా! మడమల మీద కాదురా, వేళ్ళ మీద నిలబడు! వేళ్ళ మీద!”

పిల్లాడు బెదిరిపోయి వేళ్ళ మీద నిలబడ్డాడు. మూడోది పట్టుకున్నాడు.

“చూశావుటే,” అన్నాడు తాత నా వైపు తిరిగి, ముక్కు తుడుచుకుంటూ, ఫిర్యాదు చేస్తున్నట్టు. “ఇన్నాళ్ళకి నోరు తెరిచాడు. ఇక మూయడు.”

మూయలేదు. బతికినన్నాళ్ళూ ప్రతి ఆదివారం ఆ గోలు వెనకే నిలబడి మా గోలీల్ని తిట్టాడు. పక్కన తాత నిలబడి, తిట్టింది చాల్లేదని ఇంకా తిట్టమనేవాడు.