ముప్పై ఒక్క గడుల పటం

గురువారం ఉదయం 6.25కి సికింద్రాబాద్‌లో రైలు కదిలింది. జనగామకు 84 కిలోమీటర్లు. టికెట్ నలభై ఐదు రూపాయలు. నా వెంట ఉన్న సామాను బరువు 11.4 కిలోలు: కెమెరా, మూడుకాళ్ళ స్టాండు, రంగుల కొలత కార్డు, మాటను రికార్డు చేసే యంత్రం, రెండు హార్డ్‌డిస్కులు. నాకున్న వ్యవధి మూడు రోజులు. ఆదివారం ఒక పటాన్ని గోదావరిలో కలిపేస్తారని కబురు వచ్చింది. ఆలోపే దాన్ని ఫోటో తీయాలి.

పటమంటే ఇక్కడ గోడకు తగిలించేది కాదు. మా మాదిగ కులపురాణాన్ని బొమ్మలుగా గీసిన పొడవాటి బట్ట. డక్కలి కులస్థులు దాన్ని పైనుంచి కిందికి ఒక్కొక్క గడిగా విప్పుతూ, కర్రతో బొమ్మను చూపుతూ కథ చెప్తారు. పటం చిరుగులు పట్టాక కొత్తది గీయిస్తారు. కొత్త పటానికి కళ్ళు దిద్దిన రోజున, పాతదాన్ని మనిషిని సాగనంపినట్టే సాగనంపి నీళ్ళలో వదులుతారు.

నేను కొలత పరికరాల ఇంజినీరును. ఇంగ్లండ్‌లోని ఒక నగరంలో నల్లజాతివారు తమ చరిత్రను తామే భద్రపరచుకునే చిన్న ఆర్కైవ్‌లో పదహారు నెలలు పనిచేశాను. పెళ్ళి పిలుపులు, బస్సు కండక్టర్ల యూనిఫాం బొత్తాలు, చర్చి పాటల క్యాసెట్లు అక్కడి సంపద. మొదటి వారమే నేర్పిన నియమం ఒకటి: పెట్టె ఎవరిదో వాళ్ళ చేతులే ముందు తెరవాలి. తిరిగి వచ్చాక మిత్రులతో కలిసి సికింద్రాబాద్‌లో రెండు అద్దె గదుల్లో మా కులం కోసం అలాంటి పనే మొదలుపెట్టాను.

8.07కి జనగామలో దిగాను. స్టేషన్ బయట నాలుగు ఇడ్లీలు నలభై రూపాయలు. కబురు పంపిన యాకయ్య బాపు రిటైరైన పోస్ట్‌మ్యాన్. మా ఆర్కైవ్‌కు జనగామలో ఆయనే ఆధారం. ఆయన ఇంట్లో ఇనుప పెట్టె నిండా వాడకట్టు ఫోటోలు, హాస్టల్ గుర్తింపు కార్డులు ఉన్నాయి. ప్రతిదాని వెనుక పెన్సిల్‌తో పేరు, ఇంటిపేరు రాసి పెట్టారు.

పటం గురించి అడిగాను.

“కొత్తదాంట్ల ఇరవై రెండు గడులే బిడ్డా. పాతదాంట్ల ముప్పై ఒకటి.”

“మిగతా తొమ్మిది ఏమయ్యాయి?”

“ఎవలు కూసుంటరు రాత్రంత? కథ కుదించిన్రు. కథ కుదిస్తే బట్ట గూడ కుదించుకపోయింది.” కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “మొదట్ల అంతా దేవుండ్లే. ఆఖరికొస్తెనే మనం. గా తొమ్మిదిట్లనే మన ఊర్లున్నయ్, మన పనులున్నయ్. గవే పోతున్నయ్.”

కథకుడు పోచయ్య కేసముద్రం దగ్గర దిగి ఉన్నాడని ఆయనే చెప్పారు.

మధ్యాహ్నం 12.50 రైలులో మహబూబాబాద్ వెళ్ళాను. పత్తి కాలం కావడంతో పెట్టె కిక్కిరిసి ఉంది. నా పక్కన కూర్చున్న లంబాడా అవ్వ స్టాండును వేలితో తట్టి చూసింది.

“గిదేంది బిడ్డా, తుపాకా?”

కాదని, బట్ట మీది కథను ఫోటో తీయడానికి వెళ్తున్నానని చెప్పాను.

“మీది బట్ట మీదున్నదా? మాది లంగ మీదున్నది,” అంటూ అద్దాలు కుట్టిన అంచును చూపింది. “జర సూడు. ఫోటో దియ్యకు. ఉతకలేదు.”

బస మహబూబాబాద్ స్టేషన్ ఎదుట లాడ్జిలో, ఏడు వందలు. నీళ్ళు ఉదయం ఏడింటి వరకే వస్తాయి, వెళ్ళేవారు గుర్తుంచుకోవాలి.

శుక్రవారం 7.40 బస్సులో కేసముద్రం చేరాను. మహిళలకు ఛార్జీ లేదు కనుక ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. మార్కెట్ యార్డు ముందు ట్రాక్టర్ల వరుస దాటాక, కంచె పక్కన పోచయ్య గుడారం. వయసు డెబ్బై పైన, సన్నటి మనిషి. ఆయన కోడలు సారక్క కథలో ఆయన మాటనే తిరిగి అందుకుంటూ వంత పాడుతుంది. గుడారం నడిమి గుంజకు బట్ట సంచిలో వేలాడుతున్నదే పటం. నా చూపు దాని మీదే ఉండడం ఆయన గమనించాడు.

“ఏ ఇల్లు మీది?”

ఇంటిపేరు, తాత పేరు చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని మా తాత తండ్రిని, ఆయన అన్నదమ్ములను, వాళ్ళు ఏ కరువులో ఏ ఊరికి వెళ్ళారో చెప్పుకుంటూ పోయాడు. నాకు తెలిసిన మూడు తరాల మీద మరో రెండు చేర్చాడు. ఆ అయిదు నిమిషాలు నేను రాసుకుంటూనే ఉన్నాను. ఇన్ని ఇళ్ళ లెక్క ఈయన తలలో ఏ క్రమంలో నిలిచి ఉందన్నది నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

తర్వాత నా పని వివరించాను. ముప్పై ఒక్క ఫోటోలు, యాభై నిమిషాలు.

“మా తాతకు ఆరు రాత్రులు పట్టేది,” అన్నాడు పోచయ్య.

“కథ అవసరం లేదు పెద్దయ్యా. పటం ఒక్కటి విప్పితే చాలు.”

సారక్క పకపకా నవ్వింది. “మనిషొద్దు, ఆధార్ కార్డు సూపియ్ అన్నట్టున్నది!”

కథ లేకుండా పటం విప్పరు. మాదిగలు పిలవకుండా కథ చెప్పరు. పిలుపు ఇప్పటికే ఉంది: శనివారం మొగుళ్లపల్లిలో పాత పటం ఆఖరి కథ. ఎప్పుడూ రాత్రిళ్ళు చెప్పే కథే అయినా, సాగనంపే పటానికి మాత్రం పొద్దు మునిగేలోపు ముడి పడాలి. చివరికి ఒప్పందం కుదిరింది: గడికి ఒక్క చరణం, చరణానికి ఆరు నిమిషాలు. మొత్తం 186 నిమిషాలు. రెండు గంటలకు మొదలైతే 5.06కి పూర్తవుతుంది. సూర్యాస్తమయం 5.48. నలభై రెండు నిమిషాలు మిగులుతాయని తృప్తిపడ్డాను.

కేసముద్రం నుంచి రైలులో వరంగల్, అక్కడి నుంచి హనుమకొండ, 2.20కి భూపాలపల్లి బస్సు. కండక్టర్ నా సామాను చూసి, “మూడు కాళ్ళున్నోల్లకు జీరో టికెట్ రాదు మేడం,” అన్నాడు. ఆపైన తనే స్టాండును సీటు కిందికి జరిపాడు. చెల్పూర్ దగ్గర విద్యుత్ కేంద్రం పొగగొట్టం చాలాసేపు కిటికీలోనే నిలిచిపోయింది. భూపాలపల్లిలో లాడ్జి రోజుకు తొమ్మిది వందలు.

శనివారం 1.10కి మొగుళ్లపల్లి చేరాను. మాదిగ వాడలో, సంఘం గది ముందు కొత్త చాప పరిచి, దాని మీద పటాన్ని పెట్టారు. పోచయ్య స్నానానికి వెళ్ళాడు. సారక్క పసుపు కలుపుతోంది. వాడలోని ముసలివాళ్ళు ఒక్కరొక్కరే వచ్చి గోడ నీడలో కూర్చుంటున్నారు.

ఏ బట్ట చుట్టనైనా ఫోటో తీసే ముందు దాని బయటి అంచు పరిస్థితి చూడడం నా అలవాటు. గంజి పూత పెళుసుబారి ఉంటే దీపాల వేడి తగలకూడదు. చుట్ట బయటి అంచు అంటే కథ మొదలే అనుకున్నాను. తాడు ముడి విప్పి, ఒక గడి మేర తెరిచాను. ఎర్రటి నేల మీద నిలబడిన ఒక స్త్రీ కనిపించింది.

“అక్కా!” సారక్క అరిచింది.

అప్పటికి పదకొండు సెకన్లు గడిచాయని, ముందే ఆన్ చేసి పెట్టిన రికార్డు యంత్రం తర్వాత చెప్పింది. పటాన్ని కథ చెప్తూ పైనుంచి చుట్టుకుంటూ వస్తారు కనుక, ముగిసేసరికి చివరి గడి బయట ఉంటుంది. మళ్ళీ చెప్పే రోజున కథకుడు స్నానం చేసి, దుప్పటి కింద ఎవరూ చూడకుండా దాన్ని తిరగచుడతాడు. నేను తెరిచింది ముప్పై ఒకటో గడి. మొదలు కాని కథకు ముగింపును విప్పాను.

“పెండ్లికి ముందే పురుడు పోసినవ్ గదక్కా,” అంది సారక్క. గోడ నీడలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

పోచయ్య తడి తలతో వచ్చి విన్నాడు. కోప్పడలేదు. “తప్పు కట్టాలె బిడ్డా. కొబ్బరికాయ, చెట్టు మీదికెల్లి దిగిన కల్లు. నిన్నటిది పనికిరాదు.”

కొబ్బరికాయ పది నిమిషాల్లో దొరికింది. కల్లు గీసే అతని ఇంటికి పరుగెత్తాను. అతను మంచం మీద పడుకుని ఉన్నాడు. “నాలుగైతెగాని చెట్టెక్క మేడం. ఇప్పుడెక్కితె కుండల ఈగలే ఉంటయ్.”

కల్లు 4.12కి వచ్చింది. కథ 4.22కి మొదలైంది. మిగిలింది ఎనభై ఆరు నిమిషాలు.

మొదటి ఇరవై రెండు గడులు కొత్త పటంలో ఎలాగూ ఉన్నాయి కదా, ఇరవై మూడు నుంచి చెప్పరాదా అని అడిగాను.

“తలకాయ లేకుండ కాళ్ళు నడుస్తయా?” అన్నాడు పోచయ్య.

కానీ ఆయనే చరణాన్ని సగానికి తగ్గించాడు. గడికి మూడు నిమిషాలు. కర్ర బొమ్మను తాకడం, సారక్క వంత అందుకోవడం, నా మీట నొక్కడం, గడి మారడం. దేవతలు, రాక్షసులు, ఆవు, సముద్రం అన్నీ గడి వెంట గడిగా వెళ్ళిపోయాయి. ఇరవయ్యో గడి దగ్గర ఆయన గొంతు బొంగురుపోయింది. సారక్క నీళ్ళిస్తే చేయి అడ్డం పెట్టాడు.

ఇరవై మూడో గడిలో మొదటిసారి మనుషులు వచ్చారు. తోలు నానబెట్టి పదును చేసే గుంతలు, వాటి పక్కన తంగేడు చెక్క రాశి. ఇరవై ఐదులో బావి, తోలుతో కుట్టిన మోట బొక్కెన. ఇరవై ఆరులో డప్పును మంటకు కాచుతున్న ఇద్దరు. ఇరవై ఏడులో చెప్పు కుడుతున్న స్త్రీ. ఆమె నోటిలో దారం కొస కూడా గీశారు. ఆ దారం మందం అర మిల్లీమీటరు లేదు. ఒక్కో గడికి పోచయ్య ఊళ్ళ పేర్లు చదువుతుంటే, గోడ నీడలోని ముసలివాళ్ళు “మాది, మాది” అని బదులిచ్చారు.

ఇరవై ఎనిమిదో గడి 5.46కి ముగిసింది. పోచయ్య తాడు అందుకున్నాడు.

“ఇంకా రెండు నిమిషాలున్నాయి పెద్దయ్యా.”

“చరణం మూడు నిమిషాలు బిడ్డా,” అని ముడి వేశాడు.

ఆదివారం 6.10కి కొత్త పటానికి కళ్ళు దిద్దారు. ఏడింటికి ట్రాలీ ఆటోలో కాళేశ్వరం బయలుదేరాం. దాదాపు ఎనభై కిలోమీటర్లు, నా వాటా ఐదు వందలు. పాత పటాన్ని తెల్లబట్టలో చుట్టి వెదురు బద్దల మీద కట్టారు. పిలిచిన కులం మోయాలన్నది మర్యాద కనుక ముందు కుడి భుజం నాకు ఇచ్చారు. బరువు ఆరు కిలోలకు మించదు. కెమెరా సంచి ఎడమ భుజాన ఉంది. ఆ చివరి మూడు గడులకూ నా చెవికీ మధ్య ఒక జానెడు దూరం. ముడి విప్పమని అడగకుండానే నడిచాను.

11.17కి నీళ్ళలో వదిలారు. ఎరుపు ముందు కరిగింది, తర్వాత పసుపు. నీలం 11.26 వరకు కనిపించింది.

తిరుగు బస్సులో సారక్క నా పక్కన కూర్చుంది. ఆఖరి మూడు గడుల కథ చెప్పమని అడిగాను.

“నాకు ఇరవై రెండే వచ్చు అక్కా. కొత్తదాని మందమే నేర్పిండు మామ.”

ముందు సీటులోని పోచయ్య వైపు వంగి, మీరైనా నోటితో చెప్పమని బతిమాలాను. ఆయన నా వైపు తిరిగాడు. చేతిలో కథ కర్ర ఉంది.

“పటం పోయె. కట్టె యాడ ఆనియ్యాలె బిడ్డా?”

వాళ్ళిద్దరూ మొగుళ్లపల్లి వైపు దారిలో దిగిపోయారు. రాత్రి కాజీపేట నుంచి రైలు. ఆ పదకొండు సెకన్లలో చూసినదాన్ని కాగితం మీద పెట్టడానికి ప్రయత్నించాను. స్త్రీ నిలబడి ఉంది. ముఖం ఎడమకు తిరిగి ఉంది. కుడి చేతిలో ఏదో ఉంది. కొడవలో, డప్పు పుల్లో నిర్ధారించలేను. కొలతల మనిషిని కనుక ఊహను రాయలేదు. మా ఆర్కైవ్ జాబితాలో నష్టకారణం రాసే చోట ఇంతవరకు చెద, తేమ, ఎలుక అని రాస్తూ వచ్చాను. ఈ చరిత్రను చెరిపేది ఎప్పుడూ ఇతరులేనని, కాపాడేది మేమేనని నాకు ఒక ధీమా ఉండేది. ఈ నాలుగు రోజుల్లో నేను తెలుసుకున్నది అది సగమే నిజమని.

ఖర్చు: రైళ్ళు 200, బస్సులు సున్నా, షేర్ ఆటోలు 180, ట్రాలీ 500, లాడ్జీలు మూడు రాత్రులకు 2,500, తిండి 640, కొబ్బరికాయ, కల్లు 260. మొత్తం 4,280 రూపాయలు.

దొరికినవి: ఇరవై ఎనిమిది గడులు, ఎనభై నాలుగు నిమిషాల గొంతు, మా ఇంటి రెండు తరాలు.

పోయినవి: మూడు గడులు. కారణం: సేకరించడానికి వెళ్ళిన మనిషి.